మాస్టారి బయోడేటా

ఇరవై రెండేళ్ల వయసులో బయోడేటా రాయడం చాలా తేలిక. అందులో రాయడానికి ఏమీ ఉండదు కాబట్టి. పేరు, నాన్న పేరు, మార్కులు, చదరంగం అంటే ఇష్టమని ఓ ముక్క, పై వివరాలన్నీ నిజమేనని ఓ ప్రమాణం... పేజీ నిండిపోతుంది. అదే నలభై రెండేళ్లకు రాయాల్సి వస్తే? చెప్పాల్సింది బోలెడుంటుంది. అందులో ఏది చెప్పాలో తెలీదు. మనం గొప్పగా చెప్పుకునేది అవతలివాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు కావాల్సింది మన దగ్గర ఉందో లేదో మనకే తెలీదు.

విజయవాడలోని ఓ కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే లెక్చరరు ఒకాయన 2022 వేసవి సెలవుల్లో ఇలాగే తెల్లకాగితం ముందు కూర్చున్నారు. సెలవులంటే పిల్లలకే లెండి. లెక్చరర్లకు ఆ రోజుల్లో అడ్మిషన్ల డ్యూటీ. పదో తరగతి పిల్లలున్న ఇళ్ల జాబితా పట్టుకుని ఉయ్యూరు, పామర్రు, గుడివాడ దాకా బండి మీద తిరగాలి. గడప గడపకూ వెళ్లి 'మీ అబ్బాయిని మా కాలేజీలో చేర్పించండి' అని అడగాలి. పదిహేడేళ్లుగా కాలేజీ కోసం ఊరివాళ్ల గుమ్మాల్లో నిలబడి అడిగిన మనిషికి, తన కోసం ఒక్కసారి అడగాలనేసరికి నోరు పెగల్లేదు.

ఎందుకు మారాలనుకున్నారు అంటే ఒక్క కారణం చెప్పలేం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కొన్ని నెలలు సగం జీతం, కొన్ని నెలలు అదీ లేదు. బియ్యం డబ్బా మీద ఫోన్ నిలబెట్టి, హాల్లో గోడకు బోర్డు తగిలించి పాఠాలు చెప్పారు. కాలేజీలు తెరిచాక జీతం మళ్లీ మొదలైంది కానీ పాత అంకెను అందుకోలేదు. పొద్దున్న ఆరున్నరకు స్టడీ అవర్, రాత్రి తొమ్మిదిదాకా మళ్లీ స్టడీ అవర్, మధ్యలో ఐదారు క్లాసులు. సాయంత్రానికి గొంతు బొంగురు. 'వారం రోజులు మాట్లాడకండి' అన్నాడు డాక్టరు. లెక్చరరుకు ఆ సలహా ఇవ్వడం, బస్సు కండక్టరుకు బస్సెక్కొద్దని చెప్పడం ఒకటే. వీటన్నిటికంటే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది వేరే ఉంది. స్టాఫ్‌రూమ్‌లో ఆయనకంటే పెద్దవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. యాభై దాటిన లెక్చరర్లు ఏమయ్యారని ఎవరూ అడగరు. వాళ్ల కుర్చీలో జూన్ నాటికి మరో కుర్రాడు కూర్చుని ఉంటాడు.

మారాలన్న మాట బయటపెడితే చాలు, సలహాలు ఊరికే వస్తాయి. 'బ్రహ్మానందం కూడా లెక్చరరే కదండీ, మారలేదూ!' అన్నాడో సహోద్యోగి. నిజమే. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన బ్రహ్మానందం 1987లో 'అహ నా పెళ్లంట'తో ఊరూవాడా తెలిసిపోయారు. వినడానికి బాగుంటుంది. కానీ ఇలాంటి కథలన్నీ మేడెక్కినవాళ్లు మేడ మీంచి చెప్పేవి. మెట్ల దగ్గర నిలబడి, ఫ్లాటు వాయిదా కడుతూ, కూతురి ఫీజు లెక్కేసుకుంటున్న మనిషికి అవి అంతగా ఉపయోగపడవు. మన మాస్టారి కూతురు అదే కాలేజీలో ఇంటర్ చదువుతోంది. స్టాఫ్ పిల్లలకు ఫీజులో రాయితీ ఉంది. ఆయన మానేస్తే ఆ రాయితీ కూడా పోతుంది. కాబట్టి మారడమంటూ జరిగితే అమ్మాయి ఇంటర్ పూర్తయ్యాకే, అంటే 2023 ఏప్రిల్ తర్వాతే అని భార్యాభర్తలిద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ లోపు చేతిలో ఆరు నెలల ఖర్చు కూడాలి. ఏం చేయాలో తేలాలి.

ఏం చేయాలి అనగానే అందరికీ గుర్తొచ్చేది అమీర్‌పేట. ఆయనా ఓ ఆదివారం హైదరాబాద్ వెళ్లారు. మైత్రీవనం దగ్గర దిగీ దిగగానే చేతిలో నాలుగైదు కరపత్రాలు పడ్డాయి. డేటా సైన్స్, పైథాన్, క్లౌడ్... 'డెమో క్లాసు ఉచితం' అంటే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. గంట సేపు విన్నారు. కానీ ఆయన చెవిన పడింది పైథాన్ కాదు. 'ఈ అబ్బాయి బోర్డుతోనే మాట్లాడుతున్నాడు, పిల్లల వైపు చూడటం లేదు. రెండో ఉదాహరణ ముందు చెప్పి ఉంటే మొదటిది దానంతటదే అర్థమయ్యేది. ఆ మూలనున్న అమ్మాయికి పది నిమిషాల కిందటే దారి తప్పింది, ఈయన గమనించలేదు...' బయటికి వచ్చేసరికి నోట్‌బుక్‌లో ప్రోగ్రామింగ్ గురించి ఒక్క ముక్క లేదు. ఆ పాఠాన్ని ఎలా చెప్పాల్సిందో రెండు పేజీలు ఉంది.

తిరుగు బస్సులో ఆ రెండు పేజీలూ చూసి ఆయనకే నవ్వొచ్చింది. ఇంటికొచ్చి చెబితే ఆవిడ నవ్వలేదు. 'ఏమండీ, మీకు వచ్చిన పనేంటో ముందు ఓ కాగితం మీద పెట్టండి. ఫిజిక్స్ అని రాయకండి. పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం చేస్తారో అది రాయండి' అన్నారు.

చూడటానికి చిన్న మాటే. కానీ వృత్తి మారాలనుకునేవాళ్లలో చాలామంది ఈ పని చేయరు. నేరుగా వెళ్లి ఏదో ఒక కోర్సులో డబ్బు కట్టేస్తారు. కొత్తది నేర్చుకోవడం అవసరమే, కాదనలేం. అయితే ఉన్నదాన్ని లెక్కపెట్టుకోకుండా కొత్తది కొనడం, బీరువా తెరిచి చూడకుండా చీరల దుకాణానికి వెళ్లడం లాంటిది.

మాస్టారు వారం రోజులు రాశారు. పాఠాన్ని నలభై ఐదు నిమిషాల ముక్కలుగా కోయడం. ఏ ముక్క తర్వాత ఏ ప్రశ్న అడగాలో ముందే అనుకోవడం. వారాంతపు పరీక్షకు ప్రశ్నలు తయారుచేయడం. సోమవారం ఎర్రర్ లిస్టు తీయడం, అంటే ఏ పిల్లాడు ఏ లెక్క తప్పాడన్నది కాదు, ఎందుకు తప్పాడన్నది. సూత్రం తెలీకా, తెలిసీ తొందరలోనా, లేక ప్రశ్నే అర్థం కాకనా? కొత్తగా చేరిన లెక్చరర్లకు ఇవన్నీ నేర్పడం. పదిహేడేళ్లుగా ఇవన్నీ చేస్తున్నా, వీటిని విడిగా ఓ పని కింద ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. పాఠం చెప్పడంలో భాగమేగా అనుకున్నారు.

ఆ కాగితం పట్టుకుని ఉద్యోగ ప్రకటనలు చదవడం మొదలుపెడితే ఒకచోట చూపు ఆగింది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్. పెద్ద పేరే కానీ పని మనకు తెలిసిందే. కంపెనీలు తమ సిబ్బందికి రకరకాల విషయాలు నేర్పాలి. బ్యాంకులో కొత్త నిబంధన వచ్చినా, ఫ్యాక్టరీలో కొత్త యంత్రం వచ్చినా వందలమందికి ఒకేసారి చెప్పాలి. దాన్ని కంప్యూటర్లో చూసి నేర్చుకునే పాఠంగా మలిచే మనిషి కావాలి. వాళ్లు మాటిమాటికీ వాడే 'ఆడీ' అనే పద్ధతి 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో అమెరికా సైన్యం కోసం తయారైంది. అవసరం తెలుసుకో, రూపకల్పన చెయ్యి, తయారుచెయ్యి, అమలుచెయ్యి, ఫలితం చూడు... అంతే. ఇక రెండోది, బ్లూమ్స్ టాక్సానమీ. ఆ పేరు చూడగానే మాస్టారు కుర్చీలో ముందుకు జరిగారు. 1956 నాటి ఆ పుస్తకం సంగతి ఆయన బీఈడీలో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయారు. జ్ఞానం, అవగాహన, అన్వయం అంటూ లెసన్ ప్లానులో ఎర్రసిరాతో గీతలు గీసుకున్న రోజులు గుర్తొచ్చాయి. పరీక్ష కోసం చదివిన ముక్క ఇరవై ఏళ్ల తర్వాత తిండి పెడుతుందని ఎవరనుకుంటారు?

సరే, పని తెలిసింది. ఇప్పుడు మనుషులు కావాలి. పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి కూర్చుంటే నలభై రెండేళ్ల ఫిజిక్స్ లెక్చరరును ఏ కంప్యూటరూ పైకి తీయదు. దాని లెక్కలో ఆయన లెక్చరరే. కాబట్టి తెలిసినవాళ్ల ద్వారా వెళ్లాలి. తెలిసినవాళ్లెవరు? పదిహేడేళ్లు పాఠం చెప్పినవాడికి తెలిసినవాళ్లకేం కొదవ? బెంగళూరు నుంచి బోస్టన్ దాకా శిష్యులే. 2009లో ఇంటర్ పాసైన ఓ కుర్రాడు హైదరాబాద్‌లో సరిగ్గా ఇలాంటి పాఠాలు తయారుచేసే కంపెనీలోనే టీమ్ లీడ్. ఏటా గురుపూజోత్సవానికి తప్పకుండా వాట్సాప్ చేస్తాడు. నంబరు ఫోన్లోనే ఉంది.

అదే అసలు చిక్కు. అడిగితే శిష్యుణ్ణే అడగాలి.

మన దగ్గర గురువంటే ఇచ్చేవాడు. శిష్యుడు పుచ్చుకునేవాడు. ఆ వరస తిరగబడితే ఏమవుతుందో ఎవరూ నేర్పలేదు. ఒకప్పటి సహాధ్యాయే కదా అని ద్రుపదుడి దగ్గరికి వెళ్లిన ద్రోణుడికి ఏం జరిగిందో మాత్రం చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. మాస్టారు మూడు రోజులు ఓ మెసేజ్ టైపు చేసి చెరిపేశారు. 'ఏరా, బాగున్నావా' అని మొదలుపెడితే అధికారంలా ఉంది. 'మీరు' అని రాస్తే వాడు హడలిపోతాడు. 'నీతో చిన్న పనుంది' అంటే అప్పు అడుగుతున్నట్టుంది. ఆవిడ పక్కనుంచి చూస్తూ చూస్తూ అన్నారు: 'ఉద్యోగం ఇప్పించమని అడగాలనుకుంటున్నారు కాబట్టి చేతులు వణుకుతున్నాయి. అది అడక్కండి. నువ్వు చేసే పనేంటో నాకు అరగంట చెప్తావా అని అడగండి. పాఠం చెప్పించుకోవడానికి సిగ్గెందుకు?'

ఉద్యోగం కోసం ఇతరుల్ని కలిసే విషయంలో ఇంతకంటే పనికొచ్చే మాట దొరకడం కష్టం. ఉద్యోగం అడిగితే అవతలి మనిషి ఔననో కాదనో అనాలి. ఇవ్వగలిగే స్థితిలో లేకపోతే మొహమాటపడి ఫోన్ ఎత్తడం మానేస్తాడు. పని గురించి అడిగితే ఎవరైనా సంతోషంగా చెబుతారు. తన పని గురించి చెప్పుకోవడం ఇష్టంలేని మనిషి అరుదు.

ఫోన్ మోగగానే ఆ కుర్రాడు ఆఫీసులో లేచి నిలబడ్డాడట. ఆ మాట అతనే చెప్పాడు. 'సార్, మీరు చేశారని చూసి తెలీకుండానే నిలబడిపోయా సార్.' అరగంట అనుకున్నది గంటన్నర సాగింది. చివర్లో అతనే అన్నాడు, 'సార్, మీ రెజ్యూమే ఒకసారి పంపండి' అని.

రెండు రోజులకు అది తిరిగొచ్చింది. నిండా ఎర్ర అక్షరాలు. శిష్యుల పేపర్లు ఎర్ర సిరాతో దిద్దిన మనిషికి శిష్యుడు దిద్దిన పేపరు! 'సార్, తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా... ఇవన్నీ తీసేయండి. ఆ ప్రమాణం కూడా వద్దు. చదువు కిందికి పోవాలి, అనుభవం పైకి రావాలి. ఫిజిక్స్ బోధనలో 17 ఏళ్ల అనుభవం అన్నారు, ఏం చేశారో చెప్పలేదు. ఎర్రర్ లిస్టు సంగతి ఫోన్లో చెప్పారే, అది రాయండి. ఎంతమందికి చెప్పారు, ఎన్ని ప్రశ్నపత్రాలు తయారుచేశారు, ఎంతమంది కొత్త లెక్చరర్లకు నేర్పారు, అంకెలు రాయండి. మూడు పేజీలు రెండు చేయండి.' చివర్లో ఓ వాక్యం: 'క్షమించండి సార్, మీరే నేర్పారు, మార్కులు సమాధానానికి కాదు, అడిగిన ప్రశ్నకు సమాధానానికి అని.' లింక్డ్‌ఇన్‌లో పెట్టుకున్న ఫొటో కూడా మార్చమన్నాడు. అది గృహప్రవేశం ఫొటోలోంచి కత్తిరించింది. భుజం మీద పూలదండ చివర కనిపిస్తోంది.

రెజ్యూమే ఒక్కటే చాలదు, చేసిన పని నమూనా చూపించాలన్నాడు. మాస్టారు ఉత్సాహంగా మంటలార్పే సిలిండరు ఎలా వాడాలో ఓ పాఠం తయారుచేశారు. నలభై స్లైడ్లు. దహనం అంటే ఏమిటి, దానికి ఏమేం కావాలి, ఆక్సిజన్ పాత్ర... శిష్యుడు చూసి, 'సార్, మంట అంటుకున్నప్పుడు నిర్వచనం ఎవరు చదువుతారు సార్?' అన్నాడు. ఆ రాత్రి మాస్టారికి నిద్ర పట్టలేదు. పరీక్ష రాసే పిల్లాడికి తెలియాలి, పని చేసే మనిషికి చేయడం రావాలి. ఈ తేడా ఒక్కటే ఆయన కొత్తగా నేర్చుకోవాల్సింది. అదే అన్నిటికంటే కష్టమైంది. నలభై స్లైడ్లు పన్నెండయ్యాయి. మొదటి స్లైడులోనే గోడౌన్‌లో స్విచ్‌బోర్డు నుంచి పొగ. మీరైతే బకెట్‌లో నీళ్లు అందుకుంటారా, సిలిండరా? నీళ్లు అన్నవాడికి కరెంటు మంట మీద నీళ్లు పోస్తే ఏమవుతుందో చూపించాలి. ఆ తర్వాత పిన్ను లాగడం, గొట్టం మంట మొదటికి గురిపెట్టడం, పిడి నొక్కడం, అటూ ఇటూ ఆడించడం. దహనం నిర్వచనం ఎక్కడా లేదు. దాన్ని తీసేసేటప్పుడు ఆయన ఎంత బాధపడ్డారో ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఆ తర్వాత నెలలు నెమ్మదిగా గడిచాయి. ఓ నోట్‌బుక్‌లో గళ్లు గీసి, ఎవరికి ఎప్పుడు రాశారో, ఎవరు ఏమన్నారో రాసుకున్నారు. ముప్ఫైకి పైగా గళ్లు, ఎక్కువ భాగం ఖాళీ. ఎడ్‌టెక్ కంపెనీల జోలికి మాత్రం పోలేదు. 2020, 21లో లెక్చరర్లను ఎగరేసుకుపోయిన ఆ కంపెనీలు 2022లో వేలమందిని తీసేశాయి, వాళ్లలో ఆయన మిత్రులూ ఉన్నారు. ఒకడు ఫోన్ చేసి ఉద్యోగం ఖాయం, సెక్యూరిటీ డిపాజిట్ పంపండి అన్నాడు. ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇస్తాడు కానీ డబ్బు అడగడు. పెట్టేశారు. నిజమైన హెచ్‌ఆర్ వాళ్లు మూడే అడుగుతారు. ఇప్పుడెంత, ఎంత కావాలి, ఎప్పుడు చేరతారు. ఇందులో 'ఎంత' అన్నది సీటీసీ లెక్క. అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, బీమా అన్నీ కలిసుంటాయి. చేతికొచ్చే జీతంతో దాన్ని పోల్చుకుంటే మోసపోయినట్టే. మాస్టారు రెండో ఫోన్‌కి ఈ భాష పట్టేశారు.

2023 జనవరిలో ఓ కంపెనీ వీడియో ఇంటర్వ్యూకు పిలిచింది. అడిగే అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. 'మా సేల్స్‌వాళ్లకు కొత్త మందు గురించి పదిహేను నిమిషాల్లో నేర్పాలి. ఎక్కడ మొదలుపెడతారు?' అంది. ఈయన కాసేపు ఆలోచించి, 'ఇప్పుడు వాళ్లు డాక్టర్ల దగ్గర ఎక్కడ తడబడుతున్నారో ముందు నాకు చూపించండి. అక్కడ మొదలుపెడతా' అన్నారు. సోమవారం ఎర్రర్ లిస్టే మరి. తనకంటే చిన్నవాళ్ల కింద పనిచేయగలరా అని కూడా అడిగింది. 'పదిహేడేళ్లుగా పదహారేళ్లవాళ్లకు నచ్చేట్టు పనిచేశానమ్మా' అన్నారు. వారంలో ఆఫర్ వచ్చింది. జీతం బాగుంది. కానీ నెలలోగా చేరాలి.

ఇంటర్ పరీక్షలు మార్చిలో. నాలుగు సెక్షన్ల పిల్లలు, వాళ్లలో సొంత కూతురు. రివిజన్ సగంలో ఉంది. ఆయన ఏప్రిల్ దాకా గడువడిగారు. వాళ్లు మర్యాదగానే కుదరదన్నారు. కాలేజీ ఆయనకు ఏం చేసిందని ఆగాలి అన్నవాళ్లున్నారు. ఆయన ఆగింది కాలేజీ కోసం కాదు. అయినా ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. ఆవిడకు కోపం వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? ఫ్లాటు వాయిదా ఆవిడకూ తెలుసు.

పరీక్షలయ్యాక రాజీనామా ఇచ్చారు. అప్పుడు మొదలైంది సర్టిఫికెట్ల కథ. చేరేటప్పుడు తీసుకున్న ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాయి. అవి చేతికి రావడానికి ఐదుసార్లు తిరిగారు. గ్రాట్యుటీ మాటెత్తితే 'టీచర్లకు అది ఉండదండీ' అన్నారు అకౌంట్స్‌లో. ఒకప్పుడు ఆ మాట నిజమే. టీచర్లు ఆ చట్టం కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా టీచర్లను చేర్చింది. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టు 29న సుప్రీంకోర్టే తేల్చింది. మాస్టారు ఆనాటి పేపర్ కటింగ్ దాచుకున్నారు. పదిహేడేళ్ల మీద పదకొండు నెలలు. ఆరు నెలలు దాటితే ఏడాది కింద లెక్క కాబట్టి పద్దెనిమిదేళ్లు. బేసిక్ 18 వేలను 15తో గుణించి, 26తో భాగించి, మళ్లీ 18తో గుణిస్తే 1,86,923 రూపాయలు. ఫిజిక్స్ లెక్చరరుకు ఇది పెద్ద లెక్కా! చేత్తో రాసిన అర్జీలోనే లెక్క వేసి ఇచ్చారు. రెండు విడతలుగా వచ్చింది. (2025 నవంబరు 21 నుంచి పాత గ్రాట్యుటీ చట్టం స్థానంలో సామాజిక భద్రతా స్మృతి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు మారేవాళ్లు దాన్ని చూసుకోవాలి.) పీఎఫ్ డబ్బు మాత్రం ముట్టుకోలేదు. కొత్త ఖాతాకు బదిలీ చేయించుకున్నారు. పదేళ్ల సర్వీసు దాటినవాళ్లకు పింఛను హక్కు ఉంటుంది, దాన్ని తెంచుకోవడం ఎందుకని.

మేలో శిష్యుడి కంపెనీలోనే ఓ ఖాళీ వచ్చింది. ఆరు నెలల కాంట్రాక్టు, జనవరిలో వదులుకున్నదానికంటే తక్కువ జీతం. శిష్యుడు ముందే చెప్పాడు, 'సార్, ఇంటర్వ్యూలో నేనుండను. నా మాట మీద తీసుకున్నారని రేపు ఎవరూ అనకూడదు' అని. వేరేవాళ్లు మాట్లాడారు, పన్నెండు స్లైడ్లూ చూశారు, తీసుకున్నారు.

భార్యా కూతురూ కౌన్సెలింగ్ పనులతో విజయవాడలోనే ఉన్నారు. ఆయన జూన్‌లో కొండాపూర్‌లో ఓ మగపిల్లల హాస్టల్లో దిగారు. గదిలో మిగతా ఇద్దరికీ ఇరవై మూడేళ్లు. హాస్టల్ పిల్లలను రాత్రి తొమ్మిదిదాకా చదివించి ఇంటికెళ్లిన మనిషి, ఇప్పుడు హాస్టల్ ఇడ్లీల కోసం ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డారు. మొదటిరోజు ఆఫీసు గేటు దగ్గరే శిష్యుడు నెమ్మదిగా చెప్పాడు, 'సార్, ఇక్కడ అందరినీ పేరుతోనే పిలుస్తారు. గారూ, సారూ ఉండవు. మీరేమీ అనుకోవద్దు.' ఆ మధ్యాహ్నం పక్క సీటు కుర్రాడు ఏదో అడగడానికి ఆయన్ని పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. మళ్లీ పిలిచాడు. పిలుస్తున్నది తననేనని మూడోసారికి తెలిసి, మాస్టారు గబుక్కున కుర్చీ తిప్పారు.